డిగ్రీ ప్రయోగశాలలో 60 మెగాహెర్ట్జ్ ఎన్‌ఎంఆర్: ఏడాది వాడకం తరువాత

హైదరాబాదులోని మా డిగ్రీ కళాశాల రసాయనశాస్త్ర విభాగానికి బల్లమీద ఇమిడే 60 మెగాహెర్ట్జ్ ఎన్‌ఎంఆర్ యంత్రం వచ్చి ఏడాది పూర్తయింది. అణువులోని హైడ్రోజన్లు ఎలాంటి చోట్ల ఉన్నాయో అయస్కాంత క్షేత్రం సాయంతో శిఖరాల రేఖాచిత్రంగా, అంటే స్పెక్ట్రంగా, చూపే యంత్రమిది. అంతకుముందు విద్యార్థులు తయారుచేసిన పదార్థాలను బయటి పరిశోధనశాలకు పంపి స్పెక్ట్రం కోసం ఎదురుచూసేవాళ్లం. అది చేతికందేసరికి, ఆ ప్రయోగం ఎందుకు చేశామో కూడా పిల్లలు సగం మరిచిపోయేవారు.

పరిశోధనశాలల్లో వాడే, మరింత బలమైన 400 మెగాహెర్ట్జ్ యంత్రపు అతివాహక (నిరోధం లేకుండా విద్యుత్తు పారే) అయస్కాంతాన్ని −269 డిగ్రీల ద్రవ హీలియంలో ఎప్పుడూ ఉంచాలి కనుక, దాని పోషణ మా వంటి కళాశాలకు మోయలేని భారం. మేము కొన్నదానిలో ఉన్నది సుమారు 1.4 టెస్లాల శాశ్వత అయస్కాంతం. దానికి హీలియం అక్కర్లేదు.

ఆస్పిరిన్ ప్రయోగంలో దీని విలువ నాకు బాగా తెలిసింది. ఆస్పిరిన్ తయారీకి మూలపదార్థమైన సాలిసిలిక్ ఆమ్లంలో మిథైల్ సమూహం (CH₃) లేదు. ఆస్పిరిన్ ఏర్పడితే 2.3 పీపీఎం (స్పెక్ట్రంలో శిఖరం స్థానాన్ని తెలిపే కొలత) దగ్గర మూడు హైడ్రోజన్ల శిఖరం లేస్తుంది, కడగడం సరిగా జరగకపోతే దాని పక్కనే 2.1 దగ్గర ఎసిటిక్ ఆమ్లం కనిపిస్తుంది. తన చేతితో నింపిన గొట్టాన్ని తానే యంత్రంలో పెట్టి, కొద్ది నిమిషాల్లోనే ఆ చిన్న శిఖరాన్ని చూసిన విద్యార్థిని, ఎవరూ చెప్పకుండానే మళ్లీ స్ఫటికీకరణకు వెళ్లింది. ఎన్ని ఉపన్యాసాలిచ్చినా నేను నేర్పలేకపోయిన పాఠమది.

అయితే పక్క హైడ్రోజన్ల ప్రభావంతో శిఖరం చీలినప్పుడు ఏర్పడే 7 హెర్ట్జ్‌ల ఎడం 400 మెగాహెర్ట్జ్ వద్ద 0.02 పీపీఎం కన్నా తక్కువే ఆక్రమిస్తుంది, మా 60 మెగాహెర్ట్జ్ యంత్రంలో దాదాపు 0.12 ఆక్రమిస్తుంది. అందువల్ల ఆరోమాటిక్ ప్రాంతంలో (బెంజీన్ వలయపు హైడ్రోజన్లు కనిపించే చోట) శిఖరాలు ఒకదానిమీదొకటి పడి, పాఠ్యపుస్తకంలోని బొమ్మతో పోలిక కుదరదు. కార్బన్‌లో ఎన్‌ఎంఆర్‌కు కనిపించే రూపం కార్బన్-13; ప్రకృతిలో దాని వాటా 1.1 శాతమే కాబట్టి, దాని స్పెక్ట్రం కావాలంటే గాఢమైన ద్రావణంతో రాత్రంతా నడపవలసి వస్తుంది. కొత్త అణువుల నిర్మాణాన్ని తేల్చవలసిన పరిశోధనకు ఇది చాలదు.

అమ్మినవారి మీద నా ఫిర్యాదు ఒకటుంది. అయస్కాంతపు ఉష్ణోగ్రత ఏమాత్రం మారినా క్షేత్రం చెదురుతుందని, కరెంటు పోతే అది మళ్లీ కుదుటపడడానికి గంటలు పడుతుందని కొనేముందు మాకు చెప్పలేదు. ఏప్రిల్ ఎండల్లో రెండు ప్రయోగ తరగతులు వృథా అయ్యాకే యూపీఎస్ పెట్టించి, గదికి ఏసీ బిగించాము. ఆ ఖర్చు మంజూరైన మొత్తంలో లేదు.

కొనదలచిన కళాశాలలు ప్రదర్శన రోజున అమ్మకందారు తెచ్చే శుద్ధమైన ఇథైల్ అసిటేట్‌తో తృప్తిపడకుండా, తమ విద్యార్థులు తయారుచేసిన నమూనాలనే ఇచ్చి నడిపించమని అడగాలి.