టొపీకాలో 50 సెంట్ల బొమ్మ

కాన్సస్‌లో పిల్లలతో వెళ్ళడానికి ఏముంది అని మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఓవర్‌లాండ్ పార్క్ ఊరి నుంచి గంట పైచిలుకు డ్రైవ్ చేస్తే టొపీకా. అక్కడి మన్రో ఎలిమెంటరీ స్కూల్ ఒకప్పుడు నల్లజాతి పిల్లలకే కేటాయించిన బడి, ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళ మ్యూజియం. టికెట్ లేదు. నల్ల, తెల్ల పిల్లలకి వేరు వేరు ప్రభుత్వ బడులు చెల్లవని 1954లో అమెరికా సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పుకి బ్రౌన్ అన్న పేరు వచ్చింది దావా వేసిన తండ్రి ఆలివర్ బ్రౌన్ వల్ల. ఆయన కూతురు లిండా బ్రౌన్ చదివింది ఇక్కడే.

నేను వెళ్ళింది మాత్రం ఒక బొమ్మ కోసం. కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి సైకాలజిస్టు దంపతులు, నల్లజాతి పిల్లలు తమ రంగుని ఎలా చూసుకుంటున్నారో తెలుసుకునే పరీక్షకు వాడిన బొమ్మల్లో ఒకటి ఇక్కడుంది. న్యూయార్క్ హార్లెంలో వూల్‌వర్త్ షాపులో ఒక్కోటి 50 సెంట్లకు కొన్నారట. మన తిరనాళ్ళలో దొరికే బొమ్మకీ దానికీ పెద్ద తేడా ఏమీ లేదు.

వాళ్ళ పద్ధతి ఇది. రెండు గోధుమరంగువి, రెండు తెల్లవి, మొత్తం నాలుగు బొమ్మలు. ఒంటిరంగు, జుట్టు తప్ప అన్నీ ఒకటే. 3 నుంచి 7 ఏళ్ళ నల్లజాతి పిల్లలు 253 మంది. ఆడుకోవడానికి ఏది కావాలి, ఏది మంచిది, ఏది చెడ్డగా ఉంది అని అడుగుతూ వెళ్ళి, చివర్లో "నీలా ఉన్నది ఇవ్వు" అంటారు. 67 శాతం మంది ఆడుకోవడానికి తెల్ల బొమ్మే అడిగారు. 59 శాతం మందికి గోధుమరంగుదే చెడ్డగా కనిపించింది. చివరి ప్రశ్నకి ఇద్దరు పిల్లలు ఏడుస్తూ గదిలోంచి బయటికి పరుగెత్తారు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, అందుకే నా కళ్ళు ఆ ప్రశ్నల వరస దగ్గరే ఆగాయి. "నీలా ఉన్నది" ముందే అడిగితే, పిల్లలు ఆ బొమ్మ వైపే మొగ్గుతున్నారని, అది నిజమైన ఇష్టం కాకపోవచ్చని క్లార్క్‌లు ముందే పసిగట్టి దాన్ని వెనక్కి జరిపారు. మా ఆఫీసులో ఇంత జాగ్రత్తగా టెస్ట్ కేసులు రాసేవాళ్ళని నేను చూడలేదు.

ఒక చిక్కు కూడా ఉంది. వేరు బడులున్న ఆర్కన్సా పిల్లల్లో గోధుమరంగు బొమ్మ చెడ్డగా ఉందన్నవాళ్ళు 49 శాతం. తెల్లపిల్లలతో కలిసి చదివే మసాచుసెట్స్ పిల్లల్లో 71 శాతం. అంటే ఆ బొమ్మలు కొలిచింది ఒక్క బడిని కాదు, చుట్టూ ఉన్న ఊరంతటినీ అని నాకనిపించింది. వేరు బడులు పిల్లల మనసుకి హాని చేస్తాయనడానికి ఆధారంగా ఆ 1954 తీర్పు 11వ ఫుట్‌నోట్‌లో క్లార్క్ పేరు ఎక్కింది, సరే. కానీ ఈ అంకెల గురించి నేను దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఒక మాట. రెండు పక్కలా తెరల మీద గుంపులు అరుస్తూ ఉండే ఇరుకు దారి ఒకటుంది. మా ఆరేళ్ళ అమ్మాయి నా చున్నీలో మొహం దాచుకుంది. సరిగ్గా అప్పుడే గుంటూరు నుంచి మా అమ్మ ఫోన్: "పిల్లని ఎండలో తిప్పకే, నల్లబడుతుంది."

అయిదుకి అయిదు స్టార్లు. తిరిగొచ్చేటప్పుడు కారులో అమ్మాయిని ఆ ప్రశ్నలు అడుగుదామని నోటిదాకా వచ్చి ఆగిపోయాను. ఇంటికొచ్చి తన బొమ్మల బుట్ట బోర్లించాను. ఏడు బొమ్మలు. ఆరింటికి పసుపు జుట్టే. అన్నీ మేం కొన్నవే.