వెస్ట్ సైడ్ స్టోరీ: 1961దా, 2021దా?

ఈ పేరుతో వచ్చిన రెండు హాలీవుడ్ పాటల సినిమాల్లోనూ కథ ఒకటే: న్యూయార్క్‌లో తెల్లకుర్రాళ్ల ముఠాకీ, ప్యూర్టోరికో నుంచి వలసొచ్చిన కుర్రాళ్లకీ గొడవ, మధ్యలో ఓ ప్రేమజంట. నిడివి రెండున్నర గంటల పైమాటే.

పాతదాన్ని మెచ్చేవాళ్లు ముందు డాన్సు సంగతే ఎత్తుతారు. 70 ఎం.ఎం. తెర మీద మనిషి తల నుంచి కాలి దాకా కనిపిస్తాడు. రాత్రి మేడ మీద ‘అమెరికా’ పాట ఆడా మగా మాటకు మాట అనుకునే జగడంలా సాగుతుంది. చిక్కల్లా ఒంటి రంగు దగ్గరే. ప్యూర్టోరికో అమ్మాయి, కథానాయిక మరియాగా వేసిన నటాలీ వుడ్ ప్యూర్టోరికన్ కాదు, పాటల్లో గొంతు గాయని మార్నీ నిక్సన్‌ది. ప్యూర్టోరికోలోనే పుట్టిన మరో నటి రీటా మొరేనోకి కూడా ముదురు రంగు పూశారు!

2021 సినిమా తీసిన స్పీల్‌బర్గ్ ఆ తప్పు దిద్దాడు. స్పానిష్ మాటలకు సబ్‌టైటిల్స్ పెట్టలేదు. కొందరికి అదే విసుగు, నాకైతే సబబే. ‘ఐ ఫీల్ ప్రెటీ’ పాటని, ఈ సినిమాలకు మూలమైన నాటకంలోలాగే, ముఠాల కొట్లాట తర్వాతకి మార్చాడు: అన్న చనిపోయాడని తెలియక మరియా మురిసిపోతుంటే మనకి గుండె పిండినట్టవుతుంది. ‘కూల్’ పాట మాత్రం పాతదే మేలు. అక్కడ చావు చూసొచ్చిన కుర్రాళ్లు గ్యారేజీలో ఉడికిపోతుంటారు. కొత్తదాంట్లో అది కొట్లాటకు ముందే, తుపాకీ కోసం పెనుగులాటగా వస్తుంది.