గుత్తి దాటాక ఉగ్గాని: ఇంటికొచ్చే రోజు మేం ఆగిన హోటల్

తొమ్మిది రోజులు తిరిగాం. మధురై, రామేశ్వరం, కన్యాకుమారి. అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, పిల్లలిద్దరు, ఒకటే బండి. చివరి రాత్రి బెంగళూరులో పడుకుని తెల్లవారుజామున ఐదింటికి హైదరాబాద్‌కి బయల్దేరాం, దాదాపు 570 కిలోమీటర్లు. కన్యాకుమారి నుంచి మా ఊరిదాకా ఉన్నది ఒకటే 44వ నంబరు హైవే కాబట్టి దారి వెతుక్కునే పని లేదు, కానీ ఇంటికొచ్చే రోజు బండిలో ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు. విడిచిన బట్టల సంచీ వాసన, సీటు సందుల్లో మురుకుల ముక్కలు, ఛార్జర్ కోసం పిల్లల కొట్లాట. రామేశ్వరం కోటితీర్థం క్యాన్ అత్తయ్య కాళ్ల దగ్గర. బండి కాస్త కుదిపితే చాలు "మెల్లిగా పోనివ్వరా" అని వెనకనుంచి కేక.

ముందు ఒక పెద్ద ఫుడ్ కోర్టు సంగతి చెప్పాలి, పేరు వద్దులెండి. బోర్డర్ దాటకముందే ఏడింటికి అక్కడ ఆపాం. ఒక కౌంటర్లో టోకెన్, ఇంకో కౌంటర్లో ఇడ్లీ, కాఫీ ఎక్కడో ఆ చివర. మోకాళ్ల నొప్పులతో మామయ్య ట్రే పట్టుకుని జనంలో నిలబడితే చూళ్లేక నేనే వెళ్లి లాక్కున్నాను. ముప్పై ఐదు నిమిషాలు నిలబడితే వచ్చింది నాలుగు కాఫీలు, చల్లారిన రెండు వడలు. బాత్రూమ్‌లు మాత్రం అద్దంలా ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి.

అనంతపురం దాటేసరికి అందరికీ ఆకలి, ఎవరి మొహం చూసినా చిరాకు. గుత్తి కోట కనిపించగానే మామయ్య మొదలుపెట్టారు (రిటైరైన సోషల్ మాస్టారు): బ్రిటిష్ కాలంలో మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో 1827లో కలరాతో పత్తికొండలో పోయాడనీ, ముందు ఈ గుత్తిలోనే పూడ్చారనీ, తర్వాతే మద్రాసు తీసుకెళ్లారనీ. ఎవరూ ఊఁ కొట్టలేదు. డోన్ ఇంకా రాకముందే, హైదరాబాద్ వైపు వెళ్లేవాళ్లకి ఎడమచేతి పక్కన, ఒక వేపచెట్టు కింద రెండు లారీలు ఆగి ఉన్నాయి. మా ఆయన ఏమీ అడక్కుండా ఆపేశాడు. బోర్డు మీద 'టిఫిన్స్' ఒక్కటే మిగిలింది, ముందున్న పేరు ఎండకి వెలిసిపోయింది. అందుకే పేరు రాయలేకపోతున్నా, దాచిపెట్టి కాదు.

దొరికేవి మూడే: ఉగ్గాని, బజ్జీ, టీ. దోసె ఉందా అని మా చిన్నోడు అడిగితే "దోసె యాడైనా దొరుకుతాది నాయనా, కూచో" అంది హోటలావిడ. కూర్చున్నాం. తెల్ల ప్లాస్టిక్ కుర్చీలే, కానీ మామయ్యకి ఎవరూ చెప్పకుండానే చేతులున్న కుర్చీ వెతికి తెచ్చి వేశారు.

తెలియనివాళ్లకి: ఉగ్గాని అంటే బొరుగులతో చేసే టిఫిన్, మనం మరమరాలు అనేవాటిని సీమలో బొరుగులంటారు. ఆవిడ వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి, దాంట్లో బొరుగులు ముంచి, ఇలా తేలగానే అలా తీసి రెండు అరచేతుల మధ్య పిండేస్తోంది. ఒక్క క్షణం ఆలస్యమైనా ముద్దే. పక్కన మూకుట్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు వేగుతున్నాయి. పిండిన బొరుగులు అందులో వేసి నాలుగుసార్లు తిప్పి, పైన పుట్నాల పొడి చల్లి దించేసింది. పెద్ద గిన్నెతో ఒకేసారి చేసి పెట్టుకోవడం లేదు, బల్లకి ఒక వాయి. బళ్ళారి వైపు దీన్నే ఒగ్గరణె అంటారు, కన్నడంలో తాలింపు అని అర్థం. బజ్జీలు వాళ్లాయన వేస్తున్నాడు, నిలువునా చీల్చిన పొడుగు మిరపకాయ, పల్చటి పిండి. ఉగ్గాని ఒక ముద్ద, బజ్జీ ఒక కొరుకు. విడివిడిగా తింటే ఏదీ పెద్ద గొప్పగా ఉండదు, కలిపి తినాలి.

మొదటి ప్లేటయ్యేదాకా మా బల్ల దగ్గర ఒక్కరు మాట్లాడలేదు. పొద్దున బండిలో మాట్లాడకపోవడం వేరు, ఇది వేరు. తర్వాత మామయ్య మళ్లీ మన్రో కథ ఎత్తుకుంటే బజ్జీలాయన పొయ్యి తగ్గించి మరీ విన్నాడు, ఈ పక్క పిల్లలకి మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారని చెబితే అవునవునని తలూపాడు. ఎక్కణ్నుంచి వస్తున్నారని అడిగితే చెప్పాం. "కన్యాకుమారి దాకా పోయి మా ఉగ్గాని తినేకి వచ్చినారా" అని నవ్వాడు.

రెండు బజ్జీలతో ప్లేటు 40 రూపాయలు. ఆరు ప్లేట్లు, విడిగా ఒక ప్లేటు బజ్జీలు, నాలుగు టీలు, అన్నీ కలిపి 330. ఆగిన దగ్గర్నుంచి బండెక్కేదాకా అరగంట పట్టలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. బాత్రూమ్ లేదు. ఇది చిన్న విషయం కాదు, ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉంటే ముందే పెట్రోల్ బంకులో ఆగి రండి. మిరపకాయ మంట గట్టిగానే ఉంది, మా పాపకి కళ్లవెంట నీళ్లొచ్చాయి. అడిగితే అరటికాయ బజ్జీ వేసిచ్చారు కానీ ఆ మాట ముందే చెప్పొచ్చుగా. టీ పాకంలా ఉంది. సిగ్నల్ సరిగా లేక ఫోన్‌పే రెండుసార్లు తిరిగి తిరిగి ఆగిపోయింది, చిల్లర పెట్టుకోండి. పదకొండు దాటితే ఉగ్గాని ఉండదట. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకి అటుపక్క పడుతుంది, డివైడర్ దూకే పని మాత్రం పెట్టుకోకండి. ఐదుకి నాలుగు ఇస్తున్నా. ఆ ఒకటీ బాత్రూమ్‌కే తగ్గించాను.

పార్సిల్ మాత్రం వద్దు. ఆవిడ వద్దంటున్నా వినకుండా రెండు కట్టించాను. బీచుపల్లి ఆంజనేయస్వామి దర్శనమయ్యాక విప్పితే బొరుగులన్నీ ముద్దకట్టి, బజ్జీలు మెత్తబడి, ఎవరూ ముట్టుకోలేదు. దానికి బదులు బొరుగులు కొనుక్కోండి, అడిగితే సంచీలోంచి కొలిచి ఇస్తారు. మనకి దొరికే పల్చటి మరమరాలతో నేనెప్పుడు చేసినా జావే అయ్యేది, ఇవి కాస్త లావు. ఇంటికి చేరేసరికి ఆరైంది. ఫ్రిజ్‌లో పాలు లేవు, పెరుగు లేదు, తొమ్మిది రోజుల కిందటి సగం నిమ్మకాయ ఉంది. ఉల్లిపాయలు రెండు దొరికాయి. "పొద్దున అదే, రాత్రీ అదేనా" అని మా ఆయన గొణిగాడు, గిన్నె మాత్రం ఆయనే ఖాళీ చేశాడు.