సోడియం రంగు కోసం ఆరేళ్లు: నా మోడల్ రైల్వే వీధిలో ఎల్‌ఈడీ దీపాలు

మా మేడమీద గదిలో ఎనిమిది అడుగుల బల్ల మీద విశాఖ స్టేషను పక్కన జ్ఞానాపురం వైపు వీధి ఒకటి ఉంది. మోడల్ రైల్వేల్లో హెచ్‌ఓ అనే స్కేలు, అంటే 1:87, అసలు కొలతలో ఎనభై ఏడో వంతు. 2019లో మొదలుపెట్టాను. నాకు కావలసింది హుద్‌హుద్‌కు ముందటి వీధి. 2014 అక్టోబరు నాటి ఆ తుపాను తరువాత నగరంలో వీధి దీపాలు తెల్లని ఎల్‌ఈడీలుగా మారాయి. అంతకుముందు రాత్రివేళ రోడ్డంతా సోడియం దీపాల నారింజ రంగు పరచుకుని ఉండేది. నేను పెరిగింది ఆ వెలుగులోనే.

మొదట గోధుమగింజంత 12 వోల్టుల బల్బులు వాడాను. రంగు బాగుండేది, కానీ ఒక్కొక్కటి 50, 60 మిల్లీఆంపియర్లు లాగుతుంది. ముప్పై పెట్టేసరికి దాదాపు రెండు ఆంపియర్లు, దానికి తోడు వేడి. ఒక దుకాణం ప్లాస్టిక్ పైకప్పు నెల తిరగకుండానే వంగిపోయింది. అన్నీ పీకేసి, సన్న తీగలు ముందే అతికించి అమ్మే 0805 అనే సైజు ఎల్‌ఈడీలకు మారాను. రెండు మిల్లీమీటర్ల పొడవు, వేడి దాదాపు లేదు. ఇప్పుడు నూట నలభై వెలుగుతున్నాయి.

వాటితో ఇచ్చిన, కరెంటును అదుపుచేసే వెయ్యి ఓముల రెసిస్టర్లు పెట్టగానే వీధి పెళ్లిపందిరిలా తయారైంది. ఒక్కో దీపానికి తొమ్మిది మిల్లీఆంపియర్లు వెళ్తోంది మరి. ఇళ్లలో వాటిని తీసేసి పదివేల ఓములవి పెట్టాను. కరెంటు ఒక మిల్లీఆంపియరుకు దిగింది, వీధి నిలబడింది. ఈ ఆరేళ్లలో నేను పెట్టిన ఖర్చుల్లో అన్నిటికన్నా ఫలితమిచ్చింది ఆ రూపాయి రెసిస్టరే. కిటికీల్లో కూడా సగానికి పైగా చీకటిగానే వదిలేశాను. రాత్రి పదిన్నరకు ఏ వీధిలో మాత్రం అన్ని గదుల్లో దీపాలు వెలుగుతాయి?

రంగు దగ్గర చాలాకాలం పొరపాటు పడ్డాను. యూరప్ ఇళ్ల మోడల్ కిట్లకు దొరికే దీపాలు ఎక్కువగా పసుపు. అక్కడి ఇళ్లకు అది నప్పుతుంది. మన ఇళ్లలో అప్పట్లో ట్యూబ్‌లైట్లు కదా! పసుపు దీపాలు పెట్టినంతకాలం నా వీధి ఎక్కడో జర్మనీలో ఉన్నట్టే ఉండేది. 2021లో ఇళ్లకు, కిరాణా కొట్టుకు, స్లీపరు పెట్టెలకు నీలిఛాయ ఉన్న తెల్ల ఎల్‌ఈడీలు మార్చాను. వీధి స్తంభాలకు మాత్రం పసుపు ఎల్‌ఈడీల మీద తామియా ఎక్స్-26 క్లియర్ ఆరెంజ్ అనే పారదర్శకమైన నారింజ రంగు ఒక పూత వేశాను. ఆ రాత్రి గది దీపం ఆర్పి చూస్తే, కొట్టు ముందు తెల్లని వెలుగు మెట్టు దాకా వచ్చి ఆగింది. అక్కడి నుంచి రోడ్డు నారింజ. రెండూ కలిసే చోట నిలబెట్టిన సైకిలుకు రెండు నీడలు పడ్డాయి. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

స్తంభం ఎత్తు విషయంలో రాజీ వద్దు. తొమ్మిది మీటర్ల స్తంభం ఈ స్కేలులో 103 మిల్లీమీటర్లు. బజారులో దొరికేవాటిలో చాలావరకు 60, 70 మాత్రమే. పొట్టి స్తంభం కింద వెలుగు గుండ్రటి మచ్చలా పడుతుంది తప్ప రోడ్డంతా పరుచుకోదు. నేను ఇత్తడి గొట్టంతో సొంతంగా చేసుకున్నాను. గోడలకు లోపలివైపు ముందు నలుపు, దానిపైన తెలుపు వేయాలి. నలుపు వేయకపోతే ప్లాస్టిక్ గోడ మొత్తం కాగితపు లాంతరులా వెలుగుతుంది.

ఇక లోపాలు. ఆరేళ్లలో పదకొండు దీపాలు ఆరిపోయాయి. విప్పి చూస్తే తొమ్మిదింటిలో ఎల్‌ఈడీ బాగానే ఉంది, టంకం దగ్గర తీగకు చిలుము పట్టి తెగింది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఉన్నవాళ్లు బిగించేముందే ప్రతి అతుకు మీద గోళ్ల రంగు ఒక చుక్క వేయండి. అలా వేసినవి ఒక్కటీ పోలేదు. చవకగా కొన్న డిమ్మరు ఒకటి కంటికి బాగానే కనిపించినా, ఫోనులో వీడియో తీస్తే వీధంతా చారలు చారలుగా వణికేది. దాన్ని తీసేశాను. రైలు పెట్టెల్లో దీపాలకు కరెంటు పట్టాల నుంచే వస్తుంది కాబట్టి, పట్టాల మీది దుమ్ముకు అవి మిణుకుమనేవి. కాస్త కరెంటు నిల్వ ఉంచుకునే 470 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టెకొకటి పెట్టాక ఆగింది.

కిందటేడు మా వీధిలో ఉండే రిటైర్డు గార్డుగారు చూడటానికి వచ్చారు. గది చీకటి చేశాను. కొంతసేపు మాట్లాడకుండా చూసి, "సిగ్నలు తగ్గించు బాబూ. సిగ్నలు దీపం డ్రైవరుకు కనబడాలి, అంతే. దాని ఎరుపు పట్టాల మీద పడకూడదు" అన్నారు. వంగి చూస్తే నిజమే, స్తంభం కింద కంకర ఎర్రగా మెరుస్తోంది. ఆయన ఉండగానే నలభై ఏడు వేల ఓముల రెసిస్టరు పెట్టి, దీపం చుట్టూ నల్లకాగితపు గొట్టం బిగించాను. ఆయన మళ్లీ వంగి, గార్డు పెట్టె ఎత్తున కళ్లు పెట్టి చూసి, ఈసారి తల ఊపారు.