బ్యాలే స్లిపర్స్, బబుల్ బాత్: ఒకేలా కనిపించే రెండు లేత గులాబీలు

లేత గులాబీ నెయిల్ పాలిష్ కోసం వెతికేవారికి మొదట వినిపించే పేర్లలో రెండు తప్పకుండా ఉంటాయి. ఎస్సీ వైన్‌గార్టెన్ 1981లో ప్రారంభించిన కంపెనీ తయారుచేసే బ్యాలే స్లిపర్స్ వాటిలో ఒకటి, ఓపీఐ అనే మరో కంపెనీ వారి బబుల్ బాత్ రెండవది. సీసాలు పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే రంగనిపిస్తాయి కాబట్టి, ఒకటి ఉండగా రెండోది ఎందుకని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నలో తప్పు లేదు. రెండింటినీ చాలాకాలంగా వాడుతున్నదాన్ని గనుక, గోటి మీద రెండో కోటు ఆరిన తర్వాత అవి ఏ మాత్రం ఒకటి కావని నమ్మకంగా చెబుతున్నాను.

ఒకే చేతికి ఒక వేలు విడిచి ఒక వేలికి ఈ రెండు రంగులూ వేసి కిటికీ దగ్గర నిలబడి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. బ్యాలే స్లిపర్స్‌లో తెలుపు పాలు ఎక్కువ. పాలలో ఒక్క చుక్క గులాబీ రంగు కలిపినట్టు చల్లగా, కాస్త మసకగా ఉంటుంది. మూడో కోటు వేసేసరికి గోటి కొన దగ్గరి తెల్లని గీత దాదాపు కనుమరుగవుతుంది. బబుల్ బాత్ అలా కప్పదు. దానిలో వెచ్చని ఛాయ ఉంటుంది, పారదర్శకత ఎక్కువ. మూడు కోట్లు వేసినా గోటి కొన గీత లీలగా కనిపిస్తూనే ఉంటుంది, గోరు మొదట్లోని నెలవంక కూడా పూర్తిగా మాయం కాదు. గోటికి ఏమీ వేయలేదేమో, గోరే ఇంత ఆరోగ్యంగా ఉందేమో అనిపించే తీరు దీనిది.

ఈ తేడాకు కారణం రంగు పదార్థాలలోనే ఉంది. లేత రంగులకు తెల్లదనాన్నీ కప్పే శక్తినీ ఇచ్చేది ప్రధానంగా టైటానియం డయాక్సైడ్. అది ఎక్కువైన కొద్దీ వెలుతురు పాలిష్ పొర మీదనే చెదిరి వెనక్కి వస్తుంది, కాబట్టి మనకు కనిపించేది సీసాలోని రంగే. అది తక్కువగా ఉన్నప్పుడు వెలుతురు పొరను దాటి గోటి కిందికి వెళ్ళి, అక్కడి సన్నని రక్తనాళాల ఎరుపును తనతో తీసుకువస్తుంది. అందువల్ల పలుచని రంగు ఏదైనా ఇద్దరి చేతుల మీద ఒకేలా ఉండదు, ఒకే మనిషి చేతుల మీద కూడా చలికి వేళ్ళు పాలిపోయినప్పుడు ఒకలా, వెచ్చగా ఉన్నప్పుడు మరోలా కనిపిస్తుంది. బబుల్ బాత్ విషయంలో ఈ మార్పు బాగా గమనించవచ్చు.

ఇంకొకరి చేతి ఫొటో చూసి ఈ రంగులు కొనవద్దని నేను పట్టుబట్టి చెప్పేది ఇందుకే. పచ్చని మేనిఛాయ మీద బ్యాలే స్లిపర్స్ ఎంతో సున్నితంగా ఒదిగిపోతుంది. చామనఛాయ మీద, అంతకంటే ముదురు ఛాయ మీద అదే రంగు తెల్లగా తేలి, గోళ్ళు చేతి నుంచి విడిగా ఉన్నట్టు కనిపించవచ్చు. ఆ తేటతెల్లని అందమే కావాలనుకునేవారికి అది లోపం కాదు, కానీ చేతితో కలిసిపోయే రంగు కోరుకునేవారు బబుల్ బాత్ తీసుకోవడమే మంచిది. నా చామనఛాయ చేతులకు రెండు కోట్ల బబుల్ బాత్ కన్నా నప్పే లేత గులాబీ నాకింకా దొరకలేదు.

వేసే పద్ధతి దగ్గర రెండింటికీ కావలసిన ఓపిక వేరు. తెలుపు ఎక్కువగా ఉన్న లేత రంగులన్నిటికీ చారలు పడే స్వభావం ఉంటుంది, బ్యాలే స్లిపర్స్ కూడా ఆ కోవలోనిదే. మొదటి కోటు చూసి నిరాశ పడనక్కరలేదు. గోటి గరుకును సరిచేసే బేస్ కోట్ ముందుగా వేసి, తర్వాత పలుచని కోట్లు వేస్తూ, ఒక్కొక్కటి బాగా ఆరిన తర్వాతే మరొకటి వేస్తే మూడో కోటుకు ఉపరితలం నునుపుగా వస్తుంది. సగం ఆరిన పొర మీద బ్రష్ మళ్ళీ తిప్పితే మాత్రం కింది రంగు లేచి గాడి పడుతుంది, దాన్ని ఏ టాప్ కోటూ పూర్తిగా దాచలేదు. బబుల్ బాత్‌కు ఇంత జాగ్రత్త అక్కరలేదు. దాని వెడల్పాటి బ్రష్ పెద్ద గోటిని రెండు మూడు గీతల్లోనే కప్పేస్తుంది, చిన్న గోళ్ళవారు మాత్రం అంచుల్లో చర్మానికి అంటకుండా చూసుకోవాలి.

రంగు ఎంచుకునేటప్పుడు పసుపుపచ్చని దీపం కింద చూడకూడదు. ఆ వెలుతురులో బ్యాలే స్లిపర్స్‌లోని చల్లదనం అణిగిపోయి, రెండూ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. పగటి వెలుతురే నమ్మదగినది.

ప్రసిద్ధి విషయంలో బ్యాలే స్లిపర్స్‌దే పైచేయి. 1989లో ఎలిజబెత్ రాణి కోసం ఆమె కేశాలంకరణ చూసేవారు ఈ రంగు కావాలని కంపెనీకి ఉత్తరం రాయడంతో దానికి రాజయోగం పట్టింది. ఆ పేరు చూసి కొనేవారు చాలామంది ఉన్నారు, రంగు కూడా ఆ పేరుకు తగినదే. అయితే రోజంతా చేతులతో పని ఉండి, అంచులు రాలిన వెంటనే మళ్ళీ గోళ్ళు దిద్దుకునే తీరిక లేనివారికి నేను బబుల్ బాత్‌నే సూచిస్తాను. పారదర్శకంగా ఉండటం వల్ల రాలిన చోటు దూరానికి కనిపించదు, ఆ కొన మీద ఒక పలుచని కోటు వేస్తే పాత రంగుతో అతుకు తెలియకుండా కలిసిపోతుంది. పాలరంగు మందంగా పరుచుకున్న బ్యాలే స్లిపర్స్‌లో ఆ అతుకు అంచు కనిపిస్తుంది కాబట్టి, ఆ ఒక్క గోటినైనా మొత్తం తుడిచి మొదటి నుంచి వేసుకోవలసి వస్తుంది.