చదరమా, తాడా? బడి ఆవరణలో పరిశీలనకు ఏది మేలు?

బడి వెనక ఖాళీ స్థలంలో జీవులు, నిర్జీవాల పరిశీలన చేయించాలంటే మా సైన్స్ టీచర్లకు రెండు దారులున్నాయి. ఒకటి, నాలుగు మేకులు కొట్టి చుట్టూ దారం కట్టి, మీటరు పొడవు మీటరు వెడల్పు చదరంలో ఉన్నవన్నీ రాయించడం. రెండోది, పది మీటర్ల తాడుకు మీటరుకో ముడి వేసి, చెట్టు మొదలు నుంచి ఎండలోకి పరిచి, ముడి ముడికీ ఏముందో చూపించడం. నేను రెండూ చేయించాను. ఒకటే ఎంచుకోమంటే తాడే అంటాను.

అలాగని చదరాన్ని తీసిపారేయలేను. లెక్కకు దాన్ని మించింది లేదు. అడ్డంగా, నిలువుగా పది సెంటీమీటర్లకో దారం కడితే సరిగ్గా 100 గళ్లు వస్తాయి. సగానికి పైగా గరిక కప్పేసిన గళ్లు 37 ఉన్నాయనుకోండి, ఆ చదరంలో గరిక సుమారు 37 శాతం. శాతాలు కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలకు అంతకన్నా మంచి లెక్క దొరకదు.

కానీ నోట్‌బుక్కులు తెరిచి చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. జీవులు: గరిక, చీమ, గడ్డిచామంతి. నిర్జీవాలు: రాయి, మట్టి, గాలి. ఈ రెండో వరస బయటికి రాకుండా తరగతిలో కూర్చుని కూడా రాయొచ్చు. తప్పు పిల్లలది కాదు. మీటరు జాగాలో వెలుతురు, తేమ, వేడి దాదాపు అంతటా ఒకేలా ఉంటాయి. తేడా లేనిదాన్ని పెద్దవాళ్లమైనా ఎందుకు గమనిస్తాం?

తాడు ఆ తేడానే చూపిస్తుంది. మా బడిలో కానుగ చెట్టు కింద మొదలుపెట్టాం. మొదటి ముడి దగ్గర ఎండుటాకులు మందంగా పరుచుకుని ఉన్నాయి. పుల్లతో లేపితే కింద మట్టి నల్లగా, చల్లగా, వేళ్లకు అంటుకునేంత తడిగా ఉంది. అందులో ఒక రోకలిబండ. పుల్ల తగలగానే చుట్ట చుట్టుకుంది. కాసేపు కదలకుండా చూస్తే మెల్లగా విప్పుకుని నడిచింది. ఒక్కో కణుపుకి రెండేసి జతల కాళ్లు. జెర్రికి ఒక్కో జతే ఉంటుందని అప్పుడే చెప్పాను, ఇక మర్చిపోరు. నాలుగో ముడికి ఆకులు పలచబడి తుంగ మొదలైంది. ఏడో ముడి దగ్గర గరిక, దాని పక్కనే నేలకు కరుచుకుని రెడ్డివారి నానుబాలు. పదో ముడికి వచ్చేసరికి ఎర్రమట్టి గట్టిపడిపోయి, పల్లేరు తప్ప ఇంకేమీ లేదు. ఒక పాప మొదటి ముడి దగ్గర అరచేయి ఆనించి, పరిగెత్తుకెళ్లి పదో ముడి దగ్గర పెట్టి, "మేడం, ఈ మట్టి వేరే ఊరిది లాగుంది" అంది. నీడ, తేమ, వేడి ఆ రోజు దాని పుస్తకంలో నిజంగా పరిశీలించిన విషయాలుగా చేరాయి.

"ఎండుటాకు ఎందులో రాయాలి మేడం?" అని రెండు పద్ధతుల్లోనూ అడుగుతారు. "ఒకప్పుడు ప్రాణం ఉన్నవి" అని మూడో గడి గీయించండి. ఎండుటాకు, ఖాళీ నత్తగుల్ల, పక్షి ఈక అందులోకి వెళ్తాయి. గింజ మాత్రం జీవుల గడిలోకే. అది చావలేదు, నీటి కోసం కాచుకుని ఉంది.

టైం సంగతి కూడా చూడాలి. నలభై మంది క్లాసులో ముడికి నలుగురు చొప్పున పది జట్లు వేస్తే, ఒక్క పీరియడ్‌లో తాడు పని అయిపోతుంది. ఒకే చదరం చుట్టూ నలభై మంది మూగితే వెనకవాళ్లకు ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి. చెట్టు లేని బడైతే గోడ నీడ నుంచి గానీ, కుళాయి నీళ్లు పారే చోటు నుంచి గానీ తాడు లాగండి. ఏ పద్ధతైనా ఆకులను చేత్తో లేపనివ్వొద్దు, తేళ్లుంటాయి. వయ్యారిభామ ఉన్నచోట అసలు కూర్చోబెట్టొద్దు, ఒంటికి తగిలితే దద్దుర్లు వస్తాయి.

తాడు చేయలేని పని ఒకటుంది. అది ఆ ఒక్క రోజునే చూపిస్తుంది. ఏడాది పొడవునా చూసే ఓపిక, వీలు ఉంటే తాడు తీసేశాక మొదటి ముడి దగ్గర ఒకటి, పదో ముడి దగ్గర ఒకటి చదరాలు కట్టి, మేకులు అలాగే ఉంచేయండి. నెలకోసారి అవే గళ్లు లెక్కపెట్టించండి. జూన్ 12న బడి తెరిచేసరికి వట్టి నేలగా ఉన్న చదరం, ఆ నెలాఖరులో ఆరుద్ర కార్తె వానలు పడ్డాక చూడాలి. గడ్డి మొలకల మధ్య మఖమలు ముక్కల్లా ఎర్రటి ఆరుద్ర పురుగులు తిరుగుతుంటాయి. కాళ్లు లెక్కపెట్టమనండి. ఆరు కాదు, ఎనిమిది.