కీమో టోపీ కోసం దారం కొంటున్నారా? ముందు ఒక ముక్క కాల్చి చూడండి

అమ్మకి కీమో మొదలైంది. మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాల్లో జుట్టు రాలొచ్చని చెప్పారు కాబట్టి ఆలోపే రెండు టోపీలు అల్లేయాలని నా తొందర. ఆ తొందరలోనే మోసపోయాను.

ఆన్‌లైన్‌లో ఒకరు "నూరు శాతం కాటన్, కీమో టోపీలకు ప్రత్యేకం" అని పెట్టారు. ఆ 'ప్రత్యేకం' అన్న మాటకే పడిపోయాను. ఆరు ఉండలు తెప్పిస్తే ఒక్కదానికీ లేబుల్ లేదు, డై లాట్ నంబర్ (ఏ విడతలో రంగు అద్దారో చెప్పే నంబర్) లేదు, ఎలా ఉతకాలో లేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. కానీ మందు ఎక్కుతున్న అన్ని గంటలూ చేతులు ఖాళీగా పెట్టుకుని అమ్మ ముఖం చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. సూదులు తీశాను.

టోపీ పెట్టుకున్న రెండో రోజు అమ్మ నుదుటి మీద నీలం చార, దిండు గలీబు మీదా నీలమే. తల దురదగా ఉందని మాత్రం చెప్పలేదు. నేను అల్లాను కదా, మొహమాటం. మాటిమాటికీ టోపీ తీసి పక్కన పెడుతుంటే అర్థమైంది.

మిగిలిన దారంలో చిన్న ముక్క పట్టకారుతో పట్టుకుని సింకు మీద కాల్చాను. కాటన్ అయితే కాగితంలా మండి, అదే వాసన వచ్చి, నలిపితే పొడైపోయే బూడిద మిగలాలి. ఊలు అయితే వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది. నాది కరిగి, నల్లటి పొగ వదిలి, గట్టి పూసలా ముద్దకట్టింది. అంటే అది కాటన్ కాదు, యాక్రిలిక్ లాంటి సింథటిక్ దారం. యాక్రిలిక్ చెడ్డదని అనడం లేదు, మెత్తటి యాక్రిలిక్ టోపీలు ఇష్టంగా పెట్టుకునేవాళ్లు ఉన్నారు. కాటన్ అని చెప్పి అమ్మడమే నా గొడవ.

ఆ అమ్మకందారుని అడిగితే "ఉండ విప్పాక వాపసు లేదు, రంగు దిగితే ఉప్పు నీళ్లలో నానబెట్టండి" అన్నారు. కాటన్‌కి రంగు అద్దేటప్పుడు ఉప్పు పనికొస్తుంది గానీ, అద్దాక దిగే రంగుని అది ఆపదు.

కాబట్టి మొదట ఒక్క ఉండే కొనండి. లేబుల్ ఫోటో అడగండి, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. దారాన్ని గోరువెచ్చని నీళ్లలో తడిపి తెల్లగుడ్డలో గట్టిగా నొక్కితే రంగు సంగతి తేలిపోతుంది. చిన్న ముక్క అల్లి గంటసేపు మీ మెడ వెనక పెట్టుకోండి. అక్కడ గుచ్చుకుంటే జుట్టు లేని తల మీద ఇంకా గుచ్చుకుంటుంది. ఊలు కొంటుంటే పోగు మందం ఎన్ని మైక్రాన్లో అడగండి, 30 దగ్గరికి వస్తే గుచ్చుకుంటుంది, వద్దు. అల్లాక ఉతికి ఆరబెట్టే ఇవ్వండి. కీమోలో ఇన్‌ఫెక్షన్ భయం ఎలాగూ ఉంటుంది.

మిగిలిన ఉండల్ని చిన్న ఫ్రేమ్ మగ్గం మీద పడుగుగా (బిగించి కట్టే నిలువు దారాలుగా) వేశాను. ఒకటే సాగుడు, ఒకచోట బిగిస్తే ఇంకోచోట వదులు. విప్పేసి పేకకి (అడ్డంగా నేసే దారానికి) వాడుతున్నాను. రిపోర్టుల ఫైలుకి సంచీ అవుతుంది, వానలో తడవకుండా చూసుకుంటే చాలు.

అమ్మ ఇప్పుడు నా పాత కాటన్ టీషర్టు కత్తిరించి కుట్టిన టోపీ పెట్టుకుంటోంది. అల్లినదానికంటే అదే హాయిగా ఉందట.